పరుపుదే తప్పని రాయండి

కాదండీ, ఒక మనిషి ఎన్నిసార్లని ఫోను చెయ్యాలి? ఎవరో అమ్మాయి ఎత్తుతుంది. మీ ఫోను మాకెంతో విలువైనదంటుంది. అని ఒక పాట పెట్టేసి పోతుంది. ఆ పాట నాకు కంఠతా వచ్చేసింది! బట్టలు కుడుతూ కూడా అదే కూనిరాగం తీస్తున్నాను, సిగ్గులేకుండా.

సరేలెండి, మిమ్మల్ని అని ఏం లాభం. కంపెనీ పొమ్మంటే వచ్చిన మనిషి మీరు. రండి, లోపలికి రండి. ఆ మిషను పక్కనుంచి జాగ్రత్త, కింద కత్తెరుంది. ఇల్లంతా గుడ్డపీలికలే, ఏమనుకోకండి. నలుగురి ఒంటికీ సరిపడేలా కుట్టేదాన్ని, నా ఇల్లే నాకు అతికినట్టుండదు.

ఇదే పడకగది. అదిగో, మీ కంపెనీ పరుపు. ఎంత పెద్దమనిషి తరహాగా పడుకుందో చూడండి! దీన్ని చూస్తే తప్పు చేసిందంటే ఎవరన్నా నమ్ముతారా?

ఫిర్యాదేమిటంటారా? ఫోనులో చెప్పానుగా. మళ్ళీ చెప్పాలా? గుంట పడింది. గోడవైపు కాదు, కిటికీవైపు. మా ఆయన పడుకునే వైపు. దాంతో ఆయనకి నడుం పట్టేస్తోంది. లిఫ్టు మెకానిక్కండీ ఆయన. వంగాలి, లేవాలి, బరువులు పట్టాలి. అలాంటి మనిషికి నడుం పట్టేస్తే ఎలా?

కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా? వద్దా? పనయ్యాకా? సరే మీ ఇష్టం.

ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. నేను కళ్ళు మూసుకుని కొనే బాపతు కాదు. ఈ వీధిలో నన్నేమంటారో తెలుసా? పరుపుల పంతులమ్మ! వెక్కిరింపే అనుకోండి. కానీ ఎవరింట్లో పరుపు కొనాలన్నా ముందు నా గుమ్మం ఎక్కాల్సిందే. పైవాటా పిన్నిగారైతే దిండు కొనడానిక్కూడా నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది.

ఊరికే వచ్చిందా ఆ పేరు? రెండు పరుపులు నా ప్రాణం తీశాకే వచ్చింది.

మొదటిది మా ఆయన తెచ్చారు. ఎక్కడో మైదానంలో గుడారం వేసి, కంపెనీ మూసేస్తున్నాం, సగానికి సగం అని మైకులో అరుస్తుంటే ఆగారట. ఏవండీ, కంపెనీ మూసేసేవాడు గ్యారంటీ ఎవరిచేత ఇప్పిస్తాడండీ అన్నాను. ఆయన నా వంక చూసి, కొన్నాక చెబుతావేంటే అన్నారు. కొనకముందు నన్ను అడిగితే కదా!

వానలు పట్టేసరికి దాన్లోంచి పొడి రాలడం మొదలైంది. దులపగా దులపగా ఇంకా రాలుతుంది. ఉండబట్టలేక అంచు కుట్టు విప్పాను. పైన వేలెడు మందం మంచి ఫోము. కింద? కిందంతా రంగురంగుల ముక్కలు! ఎవరి సోఫాలు చించి తెచ్చారో, ఏ బస్సు సీట్లు పీకి తెచ్చారో, జిగురు రాసి అదిమేశారు. ఒక ముక్కకి బొత్తాం కూడా ఉందండీ. ఆ బొత్తాం నేను దాచాను. మా అమ్మాయి కాలేజీ చుడీదారుకి సరిపోయింది.

నవ్వండి నవ్వండి. మీ కంపెనీది కాదు కాబట్టి నవ్వొచ్చు.

రెండోది మా అక్క మాట విని కొన్నది. ప్రకటనలో సినిమావాడు దాని మీద పడి దొర్లుతుంటాడు చూశారూ, అది. ఆ సినిమావాడు ఇంటికెళ్ళి దాని మీదే పడుకుంటాడా? పోనీ వాడి వంటమనిషి పడుకుంటాడా? అక్కకి ఆ ఆలోచన రాలేదు. ఆ పూటకి నాకూ రాలేదు.

కవరు తీయగానే వాసన! పెట్రోలు బంకులో పక్కేసుకున్నట్టే. షాపువాణ్ణి అడిగితే, కొత్తదానికి ఉంటుందమ్మా, కిటికీ తీసిపెట్టండి పోతుంది అన్నాడు. తీసిపెట్టాను. వాసన పోలేదు గానీ దోమలొచ్చాయి.

గ్యారంటీ కార్డు భూతద్దం పెట్టి చదివాను. మరక పడితే గ్యారంటీ లేదు. మడతపెడితే లేదు. మంచం పలకల మధ్య సందుంటే లేదు. మనిషి పడుకుంటే లేదని ఒక్కటే రాయలేదు, మొహమాటపడి.

అప్పుడు కూర్చున్నానండీ చదవడానికి. మా నాన్న నన్ను బడి మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టాడు గానీ, కళ్ళకి గంతలు కట్టలేదు కదా. లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. దొరకనివి దుకాణాల్లో నిలబడి చదివాను. లోపల ఫోము చిక్కదనం ఎంతో అంకె వేసి చెప్పనివాడి దగ్గర కొనకూడదు. పేరు పెద్దక్షరాల్లో ఉండి, చిరునామా లేనివాడి దగ్గర అసలే కొనకూడదు. అందరికీ తెలిసిన కంపెనీ పేరుని అటూ ఇటూ మార్చి పెట్టుకున్నవాడి వంక చూడనే కూడదు.

బల్ల మీద పెట్టి చూపించే ముక్క చూసి మురిసిపోకూడదు. ఆ ముక్క ఎప్పుడూ బంగారమే. మనింటికి వచ్చేది దాని చుట్టం కూడా కాదు. కవరుకి జిప్పుందా, విప్పమనాలి. విప్పనంటే లేచొచ్చెయ్యాలి. అంచు కుట్టు చూడాలి. అది నాకు ఒకరు చెప్పక్కర్లేదు, బయటి కుట్టు వంకర పోయిందంటే లోపల సరుకు ఎవడూ చూడడని తయారుచేసినవాడు నిశ్చింతగా ఉన్నాడని అర్థం.

ఆఁ, పడుకుని చూడాలి. వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి దూర్చాలి. చెయ్యి హాయిగా అటూ ఇటూ తిరిగిందా, అది బండ. దూరనే లేదా, అది బురద. కాస్త పట్టి పట్టి దూరితే అదీ పరుపు.

మీ షాపులో అలాగే చేశాను. చెప్పులు విప్పి, అందరి ముందూ నడుం వాల్చేశాను. అమ్మే అతను మంచివాడే. ఇద్దరూ పక్కపక్కన పడుకుని చూడాలమ్మా, ఒకరు కదిలితే ఇంకొకరికి తెలియకూడదు, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది అన్నాడు. రండి అన్నాను మా ఆయన్ని. ఆయన తలుపు దగ్గర నిలబడి, నువ్వు చూశావుగా, చాలు అన్నారు. మొహమాటం అనుకున్నాను. మొగవాళ్ళకి ఉంటుంది కదండీ మొహమాటం?

ఏమిటది, దారమా? ఓహో! ఈ చివర్నించి ఆ చివరికి బిగించి లాగి, కింద ఎంత దిగిందో స్కేలు పెట్టి చూస్తారన్నమాట. బాగుంది. నేనూ కొలతల మనిషినే, ఇవ్వండి, ఈ కొస నేను పట్టుకుంటాను. బిగించండి, మీరు వదులుగా పట్టారు.

అది నా వైపు. అక్కడ చూడక్కర్లేదు. చూడాలా? సరే చూడండి. కాస్త దిగింది, దిగదా మరి? నేనేమన్నా గాలితో చేసిన మనిషినా? ఏమిటి, అంత దిగితే లెక్కలోకి రాదా? ఉండాల్సిన దాంట్లోనే ఉందా? మంచిది. అది కాదు నా గొడవ. ఇటు రండి, ఇటు.

ఇదిగో! ఉందా? గుంట ఉందా లేదా? నా కళ్ళు పోలేదుగా? రాసుకోండి మరి. స్కేలు పెట్టి చూసి రాసుకోండి.

ఏమిటలా వంగి చూస్తున్నారు?

చెయ్యి పెట్టి తడుముతారేమిటండీ?

పలకలుగా ఉందా? నాలుగు మూలలూ తెలుస్తున్నాయా? ఆఁ... మా ఆయన భుజాలు కాస్త చదరంగానే ఉంటాయి. పక్కకి కూడా తిరగరు, ఎలా పడుకున్న మనిషి అలాగే...

నవ్వకండి.

సరే. మిషను పెట్టాను.

చేత్తో తిప్పే పాత మిషనొకటుంది, ఇనపది, ఇద్దరు పట్టాలి దాన్ని. నేనొక్కదాన్నే మోసుకొచ్చి పెట్టాను, దాని మీద బట్టల మూటలు. మీరొస్తారని ఫోనులో చెప్పిన రోజునుంచీ అదే పని. పెట్టడం, తీసి చూడడం, మళ్ళీ పెట్టడం. తీసిన కాసేపటికల్లా ఏమీ ఎరగనట్టు లేచి కూచుంటుందండీ మీ పరుపు! ఎంత కసిగా ఉంటుందో తెలుసా? ఇవాళ మీరు బెల్లు కొట్టినప్పుడు తీశాను. తలుపు తియ్యడం ఆలస్యమైంది అందుకే.

ఇంకాసేపటికి ఆ మూలలు కూడా పోతాయి. అంత మంచి సరుకు. ఎంచి ఎంచి నేనే కొన్నాను కదా.

అయ్యో, సంచి సర్దేస్తారేం? ఆగండి. మోసమంటే అనండి, పడతాను. కంపెనీ సొమ్ము కాజెయ్యాలని కాదండీ. కొత్త పరుపు మీద మోజు అసలే కాదు. కూర్చోండి, మీకు పుణ్యముంటుంది. దొంగని పట్టుకున్నారుగా, దొంగ మాట కూడా వినండి.

ఏమిటి? దిండు ఒక్కటే ఉందేమిటంటారా?

మీ కళ్ళు మంచి కళ్ళే.

రెండో దిండు ఆ పక్క గదిలో ఉంది. మా అమ్మాయి గది. అది చదువుకని హాస్టలుకి వెళ్ళాక ఖాళీగా ఉంది. చిన్నప్పుడు దానికని చేయించిన చెక్కమంచం, మీద పలచటి బొంత. ఆయన పొడుగు మనిషి, కాళ్ళు బయటికొచ్చేస్తాయి. అందుకని మంచం చివర కుర్చీ వేసుకుని కాళ్ళు దాని మీద పెట్టుకుంటారు. నడుం నొప్పి మనిషండీ! కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని చెక్క మీద పడుకుంటే తగ్గే నడుం నొప్పి మీరెక్కడన్నా విన్నారా?

ఊళ్ళో జనాన్నంతా పైకి ఎక్కిస్తారు. తను మాత్రం ఈ మంచం ఎక్కరు.

మొదటి పరుపప్పుడు దిండు చంకలో పెట్టుకుని వెళ్ళారు. పొడి రాలుతోంది, ఊపిరాడట్లేదు అన్నారు. నిజమే కదా అనుకున్నాను. రెండోదప్పుడు వాసన. అదీ నిజమే. ఇది వచ్చిన రోజు ఇక్కడే పడుకున్నారు. ఇదిగో, ఈ అంచున. ఇంకాస్త జరిగితే కిందపడేట్టు. పొద్దున్నే లేచి, ఇదీ అంతేనే అన్నారు.

ఇదీ అంతేనట! దీనికి పొడి లేదు, వాసన లేదు, కుట్టు వంకర లేదు. పోనీ పడుకున్నది ఒక్క రాత్రి, ఏం గుంట పడుతుందండీ ఒక్క రాత్రికి?

నేను ఒప్పుకోలేదు, నాలో నేను కూడా ఒప్పుకోలేదు. పరుపుదే అన్నాను. పైవాటా పిన్నిగారికి చెప్పాను, మా అక్కకి చెప్పాను, ఈసారి కూడా మోసపోయామని చెప్పాను. మీ కంపెనీని వీధంతా తిట్టించాను. మా అమ్మాయి సెలవులకొచ్చి, నాన్న నా మంచం మీద పడుకుంటున్నాడేంటమ్మా అంటే, పరుపు మార్చాలే అన్నాను. మళ్ళీ వస్తుందిప్పుడు, దాని గది దానికి కావాలి. ఇంకా మార్చలేదా అంటే ఏం చెప్పను?

మొన్నటిదాకా బాగానే నెట్టుకొచ్చాను. మొన్న ఆయనతో పనిచేసే ఎలక్ట్రీషియను చొక్కా కుట్టించుకోడానికొచ్చాడు. భుజం కొలత తీసుకుంటున్నాను. నవ్వుతూ అన్నాడు, 'వదినా, మన అన్నదే అదృష్టం. ఎక్కడ ఒరిగితే అక్కడ నిద్ర పట్టేస్తుంది. మధ్యాహ్నం లిఫ్టు మోటారు గదిలో అట్టపెట్టె చింపి పరుచుకుంటాడు, ఇక మోటారు చప్పుడు వినపడదు, అన్న గురకే.'

టేపు అతని భుజం మీద పెట్టి అలాగే ఉండిపోయాను. ఎంతసేపున్నానో! 'వదినా, చెయ్యి దించమంటారా?' అన్నాడు పాపం.

అట్టపెట్టె మీద పడుతుందండీ నిద్ర. మోటారు పక్కన పడుతుంది. నా పక్కన పట్టదు.

అడిగాను. అడగకుండా ఉంటానా నేను? టీ చేతికిచ్చి, ఎదురుగా నిలబడి అడిగేశాను. పరుపా, నేనా? ఒక్క మాట చెప్పండి అన్నాను.

ఆయన కప్పులోకి చూశారు. చూశారు, చూశారు, ఆ టీలో ఏదో పడిపోయినట్టు చూశారు. చల్లారిపోయాక, పరుపే అన్నారు.

ఏ దారం కట్టి కొలుస్తారండీ దాన్ని?

చెడ్డమనిషి కాదు. ఎవరికీ తలవంపులు తెచ్చే మనిషి కాదు. గట్టిగా ఒక్క మాట అనరు. నేనే నోరున్నదాన్ని, చూస్తున్నారుగా. పొద్దస్తమానం ఎక్కడో లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగి ఇంటికొస్తారు. వచ్చి నా మాటల్లో ఇరుక్కుంటారు. ఆయన్ని లాగేవాళ్ళెవరు? ఆ సంగతి నాకు తెలియదనుకుంటున్నారా? కొన్నాళ్ళు మాట తగ్గించి కూడా చూశాను. ఒంట్లో బాగాలేదా అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు!

అందుకని చెబుతున్నాను. రాయండి. లోపం ఉందని రాయండి. మీరు మార్చి ఇస్తే కొత్తదొస్తుంది. కొత్తది వచ్చిన రోజు ఆయన దాని మీద పడుకుంటారు. అది మాత్రం ఎప్పుడూ తప్పలేదు, ప్రతి పరుపునీ ఒక్క రాత్రైనా చూశారు. మర్యాద ఉన్న మనిషి. ఆ ఒక్క రాత్రి కోసం మిషను మోశాను, చాలా?

మీరు బాగుందని రాశారనుకోండి. ఇక పరుపుకి తప్పు లేదు. పరుపుకి తప్పు లేకపోతే ఎవరికుందండీ? ఆయన ఆ టీకప్పులోంచి తలెత్తి ఇంకో మాట చెప్పాలి. నాకా మాట వద్దు.

నాసిరకాలన్నీ ఏరి పారేశానని మురిసిపోయాను. ఏ వంకా లేనిదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. పెద్ద పంతులమ్మని!

ఉష్... మెట్ల మీద ఆ చప్పుడు విన్నారా? పానాలూ రెంచీలూ ఉన్న సంచి. ఆయనే, అన్నానికి వస్తున్నారు. చూడు తమ్ముడూ, నిన్ను తమ్ముడూ అంటున్నాను, నా తమ్ముడి వయసే ఉంటుంది నీకు. రాసేది ఏమన్నా రాసుకో. బాగుందని మాత్రం ఆయన ముందు అనకు. నోరు విప్పకు చాలు, మాటలు నేను చూసుకుంటాను. దండం పెడతాను.

వచ్చారా? చూడండి, ఇవాళ్టికి కరుణించారు కంపెనీవాళ్ళు! ఆఁ, చూశారండీ, అంతా చూశారు. ఈ మూల నుంచి ఆ మూలకి దారం కట్టి మరీ చూశారు. ఏమంటారేమిటి, మీరన్నదే అన్నారు. లోపముందట! పైకి తెలీదట, లోపలెక్కడో ఉందట. అవును, అదే, నడుం పట్టడానికి కారణం అదేనట. ఆహా, మీరు చెప్పలేదని ఎవరన్నారు? మీరు చెబుతూనే ఉన్నారు, నేనే వినలేదు. మార్చి కొత్తదిస్తారట. ఈయన సంతకం పెడితే అయిపోతుందట. మీరు చేతులు కడుక్కోండి, కంచం పెట్టేస్తాను. ఈయన్ని కిందిదాకా దింపి వస్తాను, తోవ తెలీదు పాపం.

రా తమ్ముడూ. మెల్లిగా, ఆ మెట్టు విరిగింది.

చూశావా ఆయన మొహం? చూశావా లేదా? 'నేను చెప్పలేదటే' అని ఎంత తేలిగ్గా అన్నారు! భుజాలు దిగిపోయాయి మనిషికి, ఎవరో బరువు దించినట్టు. ఎన్నాళ్ళయిందో నా మొహం చూసి నవ్వి. నేనూ నవ్వాననుకో. ఇద్దరం నవ్వాం. నువ్వొక్కడివే నవ్వలేదు.

వద్దు, అబద్ధం రాయకు, నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు. ఏ లోపమూ లేదనే రాసుకో. ఆ పరుపు పైవాటా పిన్నిగారికి ఇచ్చేస్తాను, ఆవిడ హాయిగా నిద్రపోతుంది. ఆయనకి కంపెనీవాళ్ళు మార్చారనే చెబుతాను. కొత్తది నేనే కొనుక్కొస్తాను.

ఒక్క సంగతి మాత్రం చెప్పి పో. ఇన్ని ఇళ్ళు తిరుగుతావు, ఇన్ని పరుపులు చూస్తావు, నాకు తెలియనివి నీకు తెలుస్తాయి. అన్నిటికన్నా నాసిరకం ఏ కంపెనీది? కొన్న వారానికే పొడి రాలేది, వాసనొచ్చేది, గుంటలు పడేది?

ఆ పేరు చెప్పు, తమ్ముడూ. ఈసారి అదే కొంటాను.